ఊడిరాని డ్రాగన్ తల

ఐస్‌లాండ్ కొండలు కంటపడేలోపు తెరచాప దించాలి. గొర్రెల కాళ్లకు కట్లు వెయ్యాలి. పొయ్యి ఆర్పాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఓడ ముందు కొసనున్న డ్రాగన్ తల ఊడదీసి లోపల పడుకోబెట్టాలి. నోరు తెరిచిన తలతో ఒడ్డుకొస్తే కొండల్లో కాపురముండే నేలదేవతలు జడుసుకుంటారు. వాళ్లు జడుసుకుంటే పచ్చిక మొలవదు, గొర్రెలు ఈనవు. అందుకే అది చట్టం.

మిగతా పనులన్నీ అయ్యాయి. తల దగ్గరే ఆగిపోయింది.

ఆ తల చెక్కింది కోల్‌బెయిన్. కిందటేడు నార్వేకి వెళ్లేటప్పుడు అతను చెక్కిన తల ఒక చిన్న అలకే నీళ్లపాలైంది. ఓడంతా నవ్వింది. ఆ కసితో నార్వేలో చలికాలమంతా కూర్చుని, పొలుసు పొలుసూ చెక్కి, గట్టి చెక్క చీలలు దిగ్గొట్టి, సందుల్లో తారు పోశాడు. ఊడకూడదన్న పట్టుదలలో, ఊడదీయాలన్న సంగతే మరిచాడు. ఇప్పుడు అందరూ పట్టి లాగినా అది కదల్లేదు. దుప్పటి కప్పితే గాలి ఎగరేసుకుపోయింది.

ఓడ యజమానురాలు స్టెయిన్‌వోర్ గొడ్డలి తెచ్చి అతని చేతికే ఇచ్చింది.

"నువ్వే కొట్టు నాయనా. ఇంకొకళ్లు కొడితే చూళ్లేవు."

"పోయినేడు ఉండమంటే ఊడింది, ఈయేడు ఊడమంటే ఉంది" అన్నాడు అతని బావమరిది గ్రిమ్. "దీనికి చెవులు పెట్టడం మరిచావేమో బావా."

కోల్‌బెయిన్ గొడ్డలి ఎత్తాడు. తను చెక్కిన కళ్లు తననే చూస్తున్నాయి. దించేశాడు.

"అమ్మా, తల నేలవైపు చూడకూడదనేగా చట్టం? సముద్రంవైపు చూస్తే తప్పేంటి? ఓడను తిప్పి, తోక ముందు పెట్టుకుని పోదాం."

స్టెయిన్‌వోర్ ఆలోచించింది. చట్టంలో సందు కనబడ్డాక అందులో దూరకపోవడం ఆ దేశంలో మర్యాద కాదు.

"తిప్పండి" అంది.

బతుకంతా వచ్చిన దారినే చూస్తూ తెడ్లు వేసినవాళ్లు, మొదటిసారి వెళ్లే దారి చూస్తూ వేశారు. బండరాళ్లు చూసి భయపడ్డారు కూడా.

"తన తోక తనే కరుచుకుని లోకాన్ని చుట్టుకున్న మహాసర్పానికీ కళ్లముందుండేది తోకేగా" అని గ్రిమ్ ధైర్యం చెప్పాడు.

"ఓడ వస్తోందా, పోతోందా?" అని ఒడ్డునుంచి ఎవరో అరిచారు.

ఆ ఓడ ఉన్నన్నాళ్లూ అలాగే వచ్చింది. పచ్చిక మొలిచింది, గొర్రెలు ఈనాయి. కోల్‌బెయిన్‌కి మాత్రం గరిటెలు తప్ప ఇంకేమీ చెక్కమని ఎవరూ చెప్పలేదు. చివరికి ఓడను విరగ్గొట్టి పొయ్యిలో పెట్టినప్పుడు కూడా ఆ తల ఊడలేదు. అది బిగిసిన కొయ్యతో సహా కోల్‌బెయిన్ ఇంటి వెనక, సముద్రంవైపు తిప్పి పాతారు.

ఎప్పుడైనా మీ ఇంటి తలుపు గడియ బిగుసుకుని రాకపోతే తిట్టకండి. ఒక్కసారి కోల్‌బెయిన్‌ను తలుచుకోండి.