కేకు మీద చెర

కేకు చేయించుకోడానికి వచ్చినతని మీద బేకరీ వదినకి అనుమానం వచ్చింది అతని మర్యాద వల్లే.

"కేకు మీద మన దేశం పేరు రాయాలమ్మా," అన్నాడు. "చివరి అక్షరం మాత్రం వద్దు. అక్కడ 'చెర' అని రాయండి."

ఆమె ఇచ్చిన కాగితం ముట్టుకోలేదు. బల్ల అద్దం మీద వేలితో రాసి చూపించి, వెంటనే అరచేత్తో తుడిచేశాడు.

దేశం పేరుకి చెర తగిలించడం ఊరేగింపుల్లో కుర్రకారు మొదలుపెట్టింది. గోడల మీద అలా రాసినవాళ్ళని లోపలేస్తున్నారు. పక్కవీధి టైలరు జెండా మీద అలాగే కుట్టి ఇచ్చాడు. కుట్టించుకున్నవాడు పోలీసు మనిషట. టైలరు జాడ ఇంతవరకూ లేదు.

లోపల పొయ్యి దగ్గరున్న భర్తకి చెప్పింది.

"బూట్లు చూశావా?"

"తళతళలాడుతున్నాయి."

"అయితే పోలీసువాడే! పేరు సరిగ్గా రాసెయ్. అడిగితే చదువు రాదను."

"బయట బోర్డు రాసింది నేనేగా, నమ్ముతాడా?"

అయినా సరిగ్గానే రాసింది. సాయంత్రం అతనొచ్చి పెట్టె మూత తీశాడు. మొహం పాలిపోయింది. వీధివైపు ఓసారి చూసి, గొంతు తగ్గించాడు.

"ఎవరికైనా చెప్పారా?"

"నన్ను అనుమానిస్తున్నారా?" అంది వదిన.

"మరి మీరు?"

వదిన వాకిలి వైపు చూసింది.

"మా అమ్మాయి ఇవాళే విడుదలైంది," అన్నాడు చివరికి. "గోడ మీద ఆ మాట రాసిందని పట్టుకెళ్ళారు. అప్పుడు నేనూ దాన్నే తిట్టాను. ఇంటికొచ్చింది గానీ నాతో మాట్లాడదు."

ఇలాంటి కథలు అల్లడం పోలీసులకి కొత్తా, అనుకుంది వదిన. కానీ చెయ్యి ఊరుకోలేదు. చాకుతో చివరి అక్షరం గీకేసి, ఎర్ర క్రీముతో 'చెర' అని రాసింది. లోపల్నుంచి చూస్తున్న భర్త తల పట్టుకున్నాడు.

ఆ తర్వాత వీధిలో జీపు చప్పుడైతే చాలు, ఇద్దరూ తలుపు సందులోంచి చూసేవాళ్ళు. తప్పు నీదంటే నీదని పోట్లాడుకున్నారు కూడా.

వారం తర్వాత అతను మళ్ళీ వచ్చాడు. వెంట జుట్టు పొట్టిగా కత్తిరించిన ఒక పిల్ల. వదిన బల్ల వెనకనుంచి కదల్లేదు.

"ఏం కావాలి?"

"ఏం వద్దండీ," అంది ఆ పిల్ల. "అక్షరాలు బాగున్నాయి గానీ, క్రీములో తీపి మరీ ఎక్కువైంది. చెప్పిపోదామని వచ్చాను."

"వారం నుంచి నాకూ అదే చెబుతోంది," అన్నాడు తండ్రి, నవ్వు ఆపుకుంటూ.

వదిన ఆ పిల్ల మొహంలోకి చూసింది. వీధిలో ఇంకెవరూ లేరని కూడా చూసుకుంది. అప్పుడు గానీ కుర్చీ వెయ్యలేదు.