సీసాడు తీర్థం

నరానికి సూది గుచ్చడంలో ఈ లోకేశ్వరిని మించినవాళ్లు తిరుపతిలో ఉన్నారంటే నేనొప్పుకోను. పదకొండేళ్లుగా కాన్సర్ వార్డులో నర్సుని. రోజుకు ఇరవై మందికి మందు ఎక్కిస్తాను. అలాంటి నాకు ఆ శనివారం పాకాల మునెయ్య చేతిలో నరం దొరకలేదు.

మొదటి పోటు వృథా అయింది. రెండోదీ తప్పితే ఇంకొకరిని పిలవాలి, అది మా వార్డు పద్ధతి. నాకు ఒళ్లు మండింది. పైగా మందు అప్పటికే కలిపేశారు. మధ్యాహ్నంలోపు ఎక్కించకపోతే పారేయాల్సిందే. ఈ విడత మందు మాత్రం వాయిదా పడకూడదని డాక్టరుగారు పొద్దున్నే మరీ మరీ చెప్పారు.

"పెదనాయనా, పొద్దున్నుంచి నీళ్లేమన్నా తాగినావా?"

"లేదు తల్లీ. శనివారం ఒక్కపొద్దు. సాయంత్రం దీపం పెట్టేదాకా నీళ్లు గూడా ముట్టను."

"నీళ్లు లేకపోతే నరం యాడ లేస్తాది? ఒక గ్లాసు తాగు."

"సామికి మాటిచ్చినా. తాగను."

ఆయన భార్య పంకజాక్షి నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది. అరిచి లాభం లేదని అర్థమైంది. మొండితనంలో నేనూ తక్కువదాన్ని కాను.

"తీర్థం తాగితే ఒక్కపొద్దు చెడుతాదా?"

"తీర్థానికేముండాది? తాగచ్చు."

లీటరు మంచినీళ్ల సీసా పట్టుకుని ఆస్పత్రి ఆవరణలోని గుడికి పరుగెత్తాను. అర్చకులు వేంకటాచలపతిగారు ఉద్ధరిణి అందుకున్నారు.

"చేయి పట్టమ్మా."

"చేయి చాలదు స్వామీ. సీసాడు కావాలి."

సంగతి విని ఆయన నవ్వలేదు. సీసాను దేవుడి పాదాల దగ్గర పెట్టి, మంత్రం చదివి నా చేతికిచ్చారు. "ఇది తీర్థమేనని నేను చెప్పానని చెప్పు."

మునెయ్య కళ్లకద్దుకుని, గుక్కగుక్కగా సీసా మొత్తం తాగాడు. ముప్పావుగంట ఆగి, చేతికి వేడి గుడ్డ చుట్టాను. ముంజేతి మీద నరం పైకి తేలింది. ఒక్క పోటు. సూది వెనక ఎర్రగా రక్తం కనిపించింది. మందు చుక్కచుక్కగా దిగసాగింది.

ఇక నా కోపం బయటికి వచ్చింది. "మందెక్కే రోజే ఈ ఒక్కపొద్దు ఏంది పెదనాయనా? జబ్బు తగ్గాలనా?"

"జబ్బు సంగతి డాక్టరు సూసుకుంటాడు. పోయినతూరి ఒక నర్సు పాప నాకు నరం దొరక్క, పక్కకు పోయి ఏడ్సింది. ఈతూరి పొడిసే బిడ్డ ఎవురైనా, ఒక్క పోటుకే దొరకాలని మొక్కుకున్నా."

నా కళ్లు నిండిపోయాయి.

"వచ్చే విడతకి కడుపునిండా తిని, నీళ్లు తాగి రా," అన్నాను. "పొడిసేది నేనే."