రెండూళ్లూ తిన్న మేక

ఆ జనవరిలో నా చేతిలో లక్షా ఇరవై వేలు, ఒక కాటా, అరవై ఖాళీ గోనెలు ఉన్నాయి. డుంబ్రిగుడ సంతలో నేను కాఫీ, మిరియాలు కొంటాను. అక్కడికి దగ్గర్లో కాఫీ రైతు సుక్రు ఊళ్లో పన్నెండు ఇళ్ల సరుకు నాకే వస్తుంది.

ఆ నెలలోనే సుక్రు కొడుకు ఫల్గుణ సంత నుంచి బండి మీద వస్తుంటే మలుపులో పక్క ఊరి భాస్కర్ బండి ఎదురుగా గుద్దింది. తప్పుదారిన వచ్చింది భాస్కరే. అతనికి చెయ్యి గీరుకుంది. ఫల్గుణకు తొడ ఎముక రెండుచోట్ల విరిగింది. సిల్వర్ ఓక్ చెట్లకు పాకిన మిరియం తీగల మీదికి ఒంటి వెదురు నిచ్చెనతో ఎక్కేవాడు ఆ ఊరికి అతనొక్కడే.

మూడోరోజు రెండూళ్ల పెద్దలు కూర్చున్నారు. భాస్కర్ వాళ్లు ఐదు వేలు, ఒక మేక ఇస్తామన్నారు.

"మా గుంటడి బండి కంటే ఇదే బేగి నడుస్తాది, గట్టిగా పట్టుకోండి" అన్నాడు వాళ్ల పెద్ద, మేక తాడు అందిస్తూ. ఎవరూ నవ్వలేదు.

"సావుకారూ, నువ్వు రాయి. మాకు అచ్చరాలు రావు కదా" అన్నాడు సుక్రు.

రాజీ కాగితం రాశాను. భాస్కర్ బండికి బీమా ఉందని నాకు తెలుసు. పోలీసు కేసు లేకపోతే కంపెనీ పైసా ఇవ్వదని కూడా తెలుసు. కానీ కేసంటే వాయిదాలు, సాక్షులు. భాస్కర్ ఊరి కాఫీ కూడా నాకే వస్తుంది. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. మేకను కోసి రెండూళ్లూ ఒకే కుండలో వండుకు తిన్నారు. అలా తిన్నాక స్టేషన్‌కు వెళ్లడం అక్కడ సిగ్గుమాలిన పని.

విశాఖలో ఆపరేషన్ ఉచితంగానే జరిగింది. తోడున్నవాళ్ల తిండి, జీపు కిరాయి, మందులు మాత్రం పన్నెండు ఇళ్లూ పంచుకున్నాయి. అందుకోసం మిరియాలు తీగ మీదనే అమ్మకానికి పెట్టారు. ఎండాక రెండు వందల అరవై కిలోలు తూగుతాయని లెక్కకట్టి కిలో మూడు వందల ఎనభైకి కొన్నాను. సంత ధర ఆరు వందలు.

మార్చిలో ఫల్గుణ భార్య నీలవేణి కూలికొచ్చి కల్లంలో నా మిరియాలు ఆరబోస్తూ అడిగింది.

"ఏటి సావుకారూ, భాస్కర్ బండికి బీమా ఉందంట. కేసు కాయితం ఏదమ్మా అని ఆసుపత్రిలో గుమస్తా అడిగినాడు. నీకు తెల్దా?"

"తెలుసు."

"మరి ఆ పొద్దు సెప్పలేదే?"

"మీవాళ్లు అడగలేదు."

"మేక కూర మాత్రం అడక్కుండానే తిన్నావు."

నేను ఇంకో గోనె మూతి కుట్టాను.

"ఇప్పుడైనా టేసనుకి రా. కాయితం రాసినోడివి, జరిగింది సెప్పు. ఆయన కర్ర లేకండా నడవలేకపోతన్నాడు."

"చూద్దాం."

ఆ మాటకు అర్థం ఆమెకు తెలుసు. చేట దులిపి, ఆ రోజు కూలి తీసుకోకుండా వెళ్లిపోయింది. మర్నాడు వచ్చింది. రాక ఏం చేస్తుంది?

తీగలెక్కడానికి హుకుంపేట నుంచి తెచ్చిన మనుషులకు పద్నాలుగు వేలు అయింది. వచ్చే ఏడు నుంచి ఆ ఖర్చు పన్నెండు ఇళ్లదే. భాస్కర్ ఊరి కాఫీ ఎప్పటిలాగే నాకే వచ్చింది. మిరియాల మీద ఆ పద్నాలుగు వేలూ పోను నాకు మిగిలింది నలభై మూడు వేల రెండు వందలు.