పోచన్న ఒంటి తత్వం

జబల్ అఖ్దర్ కొండ మీద డిసెంబరు సగానికి వచ్చేసరికి తెల్లవారుజామున బకెట్లలో నీళ్ల మీద పలచటి మంచు పెచ్చు కట్టడం మొదలైంది. ఒమన్ అంటే ఎండ అనుకుని వచ్చినవాళ్లకు ఆ చలి మోసంలా తోచింది. అక్కడ హోటల్ కట్టడానికి కంపెనీ మస్కట్ దగ్గరి రుసైల్ క్యాంపు నుంచి పంపిన పనివాళ్లలో జగిత్యాల వైపు బావాబామ్మర్దులు ఇద్దరున్నారు. బావ పోచన్నకు యాభై దాటాయి, టైల్స్ పరుస్తాడు. బామ్మర్ది భూమేశ్ ప్లాస్టరింగ్ మేస్త్రీ. భూమేశ్‌కు వీసా చూసి ఒమన్ రప్పించింది పోచన్నే. అప్పటి నుంచి ఇద్దరిదీ ఒకే రూమ్, ఒకే వంట.

పోచన్నకు షుగర్ ఉంది. ఆ సంగతి ఒమన్‌లో భూమేశ్‌కు తప్ప ఎవరికీ తెలియదు. కిందటేడు కంపెనీలో ఒకతను కళ్లు తిరిగి పరంజా మీది నుంచి పడ్డాడు. షుగర్ ఉన్నట్టు తేలడంతో కాలికి కట్టు విప్పకముందే టికెట్ చేతిలో పెట్టి పంపేశారు. అది చూశాక పోచన్న తన గోళీలను పెట్టె అడుగున, బట్టల మడతల్లో దాచుకోవడం మొదలుపెట్టాడు. కూతురు రజిత కరీంనగర్‌లో నర్సింగ్ చదువుతోంది. ఆ చదువు ముగిసేదాకా ఎట్లాగైనా ఇక్కడే ఉండాలని అతని పట్టుదల. రుసైల్‌లో ఉన్నన్నాళ్లూ సెలవు రోజున రూవి బజారుకు వెళ్లి గోళీలు కొనుక్కునేవాడు. కొండ మీది క్యాంపు దగ్గర మందుల షాపు లేదు, కిందికి దిగాలంటే కంపెనీ బండి దొరకాలి. తెచ్చుకున్నవి తొందరగానే అయిపోయాయి. భార్య కమలవ్వ ఫోన్లో అడిగినప్పుడల్లా వేసుకుంటున్నానని చెప్పేవాడు.

చలి ముదిరాక అతని పాదాలు వెచ్చబడడం మానేశాయి. రెండు జతల సాక్సులు తొడిగినా, దుప్పట్లో మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని పడుకున్నా అంతే. నడుస్తుంటే కాళ్లకు రాళ్లు కట్టినట్టుందని భూమేశ్‌తో చెప్పుకునేవాడు.

ఆ సైట్‌లో లిఫ్టులు బిగించడానికి వేరే కంపెనీ తరఫున చైనా నుంచి గావ్ అనే ఆయన వచ్చాడు. జుట్టు నెరిసిన, మాట తక్కువ మనిషి. పెషావర్ నుంచి వచ్చిన ఫోర్‌మన్ తారిఖ్ ఆ పేరు విని, హిందీలో దానికి ఊరని అర్థమని నవ్వాడు. ఇక అందరికీ ఆయన గావ్ సార్ అయిపోయాడు. గావ్ తాత వాళ్ల ఊళ్లో నాడి చూసి మందిచ్చేవాడట, ఆ విద్య కొంత మనవడికి వచ్చింది. డ్యూటీ దిగాక మెస్ వెనక రేకుల షెడ్డులో కూర్చుని, వచ్చినవాళ్ల మణికట్టు పట్టుకుని, నాలుక చూసి, చలికాలం ఎలా గడపాలో చెప్పేవాడు. ఎవరి దగ్గరా ఏమీ తీసుకునేవాడు కాదు. ఆయన చైనా భాషలో ఫోన్‌కు చెబితే ఫోన్ హిందీలోనో, బెంగాలీలోనో, తెలుగులోనో పలికేది. ఆ తెలుగు రేడియో వార్తల్లా ఉండేది. తమను మీరు అని పిలిచే ఫోన్‌ను చూసి తెలంగాణ వాళ్లు ముసిముసిగా నవ్వుకునేవారు.

చలికాలం ఒంట్లో వేడిని దాచుకోవాల్సిన కాలమని గావ్ చెప్పేవాడు. పెందలాడే పడుకోవాలి, ఎండ పొడిచాకే లేవాలి. ఆ మాటకు అందరూ నవ్వారు. వాళ్లను సైట్‌కు తీసుకెళ్లే బండి చీకట్లోనే వచ్చేది. గావ్ కూడా నవ్వి, అయితే పాదాలనైనా చల్లబడనివ్వకండి అన్నాడు. ఒకరికి చెప్పింది ఇంకొకరు చేయకూడదనేవాడు. ఒక బెంగాలీ కుర్రాడిది చల్లటి ఒళ్లని, అల్లం వేసి ఉడికించిన పొట్టేలు మాంసం తినమన్నాడు. భూమేశ్ అరచేతులు తాకి చూసి, అతనిది వేడి ఒళ్లు కాబట్టి అల్లం, కారం తగ్గించి ముల్లంగి, బేరిపండ్లు తినమన్నాడు. భూమేశ్‌కు ఇందులో కొత్తేమీ కనిపించలేదు. చిన్నప్పుడు మామిడిపండ్లు ఎక్కువ తింటే వేడి చేస్తుందని వాళ్లమ్మ తిట్టేది. అందుకే ఆయన మీద గురి కుదిరింది. బావను తీసుకొస్తే ఏదైనా చెబుతాడనిపించింది.

పోచన్నను తీసుకెళ్లిన సాయంత్రం షెడ్డులో ఇంకెవరూ లేరు. గావ్ ఒక చేతి నాడి చూసి, రెండో చేతిది చూసి, మళ్లీ మొదటి చేతికి వచ్చాడు. నాలుక బయటపెట్టించి ఫోన్ లైటు వేసి చూశాడు. వంగి పాదాలు పట్టుకున్నాడు. ఆయన ముఖంలో ఏదో సందేహం కనిపించింది. ఫోన్ ఇలా పలికింది:

"మీ నాలుక ఒకటి చెబుతోంది. మీ పాదాలు మరొకటి చెబుతున్నాయి. మీకు దాహం ఎక్కువగా ఉంటుందా? రాత్రి మూత్రానికి పలుమార్లు లేస్తారా?"

పోచన్న లేదన్నట్టు తల ఊపాడు.

"మీకు మధుమేహం ఉందా?"

ఆ మాట ఇద్దరికీ తెలియలేదు. వాళ్ల ముఖాలు చూసి గావ్ ఫోన్ పక్కన పెట్టి, "షుగర్?" అని తనే అడిగాడు.

పోచన్న ఒకసారి భూమేశ్ వైపు చూశాడు. గావ్ మూడు పూటలా ఇంజనీర్లతో కలిసి తింటాడు. ఇక్కడి మాట ఆ బల్ల మీదికి చేరడానికి ఎంతోసేపు పట్టదు.

"లేదు సార్. షుగర్ గిగర్ ఏం లేదు."

భూమేశ్ చేతిలో చాయ్ కప్పు ఉంది. అతను తల దించి ఒక గుక్క తాగాడు.

గావ్ ఫోన్ మళ్లీ అందుకుని, పడుకోబోయే ముందు అల్లం దంచి వేసిన గోరువెచ్చని నీళ్లలో పాదాలు పెట్టుకోమన్నాడు. నుదురు కాస్త చెమర్చగానే తీసెయ్యాలి. చల్లబడిన పాదాలకు వేడి తెలియదు కాబట్టి, నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయో వేరొకరు చేయి పెట్టి చూడాలి. ఆ చివరి మాట గావ్ ఫోన్‌తో రెండుసార్లు చెప్పించాడు.

ఆ పని భూమేశ్ తీసుకున్నాడు. అన్నం తిన్నాక మెస్‌లో నీళ్లు కాచి, ప్లాస్టిక్ టబ్బులో చన్నీళ్లు కలిపి, చేయి ముంచి చూసి బావ ముందు పెట్టేవాడు. మంచం అంచున కూర్చుని పోచన్న కాళ్లు అందులో పెట్టుకునేవాడు. గదిలో అల్లం వాసన నిండేది. నీళ్లలో కాళ్లున్నంతసేపూ అతను కబుర్లు చెప్పేవాడు. రజిత నౌకరీ పట్టుకుని ఇదే దేశానికి వస్తే తను ఇంటికి పంపిన పెట్టెలన్నీ తిరిగి ఆమెతోనే మోయిస్తానని నవ్వేవాడు. అంత ఉల్లాసంగా అతన్ని చూసి భూమేశ్‌కు చాలా కాలమైంది. అయినా పాదాలకు మాత్రం వెచ్చదనం తెలిసేది కాదు. ఇంకాస్త పొయ్యమని రోజూ అడిగేవాడు, భూమేశ్ ఇంకాస్త పోసేవాడు.

సిమెంటులో నాని నాని భూమేశ్ అరచేతులు చెప్పు అడుగులా మొద్దుబారాయి. పొయ్యి మీది గిన్నెను గుడ్డ లేకుండా దించగలడు. ఇది అతను గొప్పగా చెప్పుకునే సంగతే. ఆ చేతిని నమ్మకూడదని అతనికి తోచలేదు.

ఒకనాడు పొద్దున్నుంచీ ఈదురుగాలి. సాయంత్రానికి రేకులు లేచిపోతాయేమో అన్నట్టు కొట్టింది. పోచన్న వణుకుతూ రూమ్‌కు వచ్చాడు. భూమేశ్ నీళ్లు తెచ్చి, చేయి ముంచి, బాగానే ఉన్నాయనుకున్నాడు. కాళ్లు పెట్టిన పోచన్న ఏమీ తెలియడం లేదన్నాడు. భూమేశ్ గిన్నెలో మిగిలినవి కూడా వంపాడు.

"ఇగో, ఇప్పుడు జర తెలుస్తుందిరా" అన్నాడు పోచన్న. చాలాసేపు కాళ్లు తియ్యలేదు. ఆ రోజు హాయిగా నిద్రపోయాడు.

పొద్దున సాక్సు తొడుక్కోబోతే కుడి పాదం మీద తోలు చేతి వేలికి అంటుకుని ఊడి వచ్చింది. నొప్పి లేదు. నొప్పి లేకపోవడం చూసి భూమేశ్‌కు భయం వేసింది. తారిఖ్‌తో చెప్పి ఆస్పత్రికి పోదామన్నాడు.

"ఎవలకు చెప్పకు. తోలు లేసింది, గంతే. వాళ్లు చూస్తే షుగర్ బయటపడ్తది" అని పోచన్న గుడ్డ చుట్టి, దాని మీద సేఫ్టీ బూటు తొడిగి లేస్‌లు బిగించాడు. భూమేశ్ చెప్పలేదు. బామ్మర్ది రోజూ గుడ్డ మార్చడం, బావ రోజూ బూటు తొడగడం, ఇలా కొన్ని దినాలు గడిచాయి. ఒక రోజు గుడ్డ విప్పితే వాసన వచ్చింది. మర్నాడు బాత్‌రూమ్ గచ్చు మీద టైల్స్ పరుస్తూ పరుస్తూ పోచన్న టైల్స్ మీదికే ఒరిగిపోయాడు. ఒళ్లు కాలిపోతోంది. తారిఖ్ అతన్ని తన పికప్‌లో పడుకోబెట్టి కొండ దిగి నిజ్వా ఆస్పత్రికి తీసుకెళ్లాడు.

అక్కడి వార్డులో జ్ఞానాంబ అనే నర్సుది కాకినాడ. తెలుగు మాట వినపడగానే దగ్గరికి వచ్చింది. బూటు కత్తిరించి తీస్తూ, షుగరు ఎన్నాళ్ల నుంచి ఉందని అడిగింది. పోచన్న మగతలో ఉన్నాడు. ఇప్పుడే తెలిసిందని భూమేశ్ అన్నాడు.

"ఒక్క రోజులో ఇలా అవదు బాబూ" అందామె. ఇంకేమీ అనకుండా పని చూసుకుంది.

కుళ్లు పైకి పాకిందని, ఆగితే ప్రాణం పోతుందని డాక్టర్లు చెప్పారు. ఆ సాయంత్రమే కుడికాలు మోకాలి కింద తీసేశారు.

కమలవ్వకు ఫోన్ చేసి చెప్పాల్సింది భూమేశే. ఆమె అతని తోడబుట్టిన అక్క. అంతా చెప్పేదాకా ఆమె ఏడవలేదు.

"నీళ్లెవలు వోసిన్రు?" అని అడిగింది.

"నేనే అక్కా."

"ఆయినకు షుగరున్నదని నీకెర్కేనాయె."

ఆమె ఫోన్ పెట్టేసింది.

మస్కట్‌లో అజైబా దగ్గరున్న కంపెనీ ఆఫీసు నుంచి మేనేజర్ వచ్చాడు. గావ్‌ను అప్పటికే విచారించారు. నీళ్లలో కాళ్లు పెట్టమన్నది తనేనని, అయితే షుగర్ ఉందా అని ముందే అడిగానని, లేదన్నాడని గావ్ చెప్పాడు. మేనేజర్‌కు తేలాల్సింది ఒక్కటే. అడిగితే దాచినట్టయితే తప్పు పోచన్నది, ఆస్పత్రి ఖర్చు కంపెనీకి పట్టదు, అతనే కట్టుకోవాలి. అడగకుండా వైద్యం చేసినట్టయితే తప్పు గావ్‌ది, ఆ ఖర్చు అతన్ని తెచ్చిన కంపెనీ భరించాలి. ఆస్పత్రి మెట్ల దగ్గర తారిఖ్ ఇదంతా హిందీలో వివరించి, గావ్ సార్ అడిగాడా లేదా అని భూమేశ్‌ను అడిగాడు.

"నహీ పూఛా" అన్నాడు భూమేశ్. అడగలేదు, నేను పక్కనే ఉన్నా అని మళ్లీ చెప్పాడు.

తారిఖ్ అతని ముఖంలోకి చాలాసేపు చూశాడు. తర్వాత మేనేజర్ వైపు తిరిగి ఆ మాటను ఇంగ్లిషులో చెప్పాడు.

గావ్‌ను సైట్ నుంచి తీసేసి చైనా పంపించేస్తున్నారని రెండు పొద్దుల్లోనే తెలిసింది. మంచం పక్కన కూర్చుని భూమేశ్ ఆ సంగతి బావకు చెప్పాడు. పోచన్న పైకప్పు వైపు చూస్తూ విన్నాడు.

"ఆయిన అడిగిండు గదరా."

"అడిగిండు."

"మరి?"

"మరేం జెయ్యమంటవ్ బావా."

పోచన్న ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. ఆ పూట అన్నం ముట్టలేదు.

మస్కట్ విమానాశ్రయానికి పోతూ గావ్ దారిలో ఆస్పత్రి దగ్గర బండి ఆపించాడు. వరండాలో ఉన్న భూమేశ్ ఆయన్ను చూసి లేచి నిలబడ్డాడు. గావ్ అతన్ని చూశాడు, ఆగకుండా వార్డులోకి వెళ్లాడు. మంచం దగ్గర దుప్పటి తొలగించి, పోచన్నకు మిగిలిన ఎడమ పాదాన్ని రెండు చేతులతో పట్టుకుని అరికాలు, వేళ్ల సందులు చూశాడు. తర్వాత ఫోన్‌కు చెప్పాడు. రోజూ అద్దం పెట్టి అరికాలు చూసుకోవాలని, చలి నుంచే కాదు, వేడి నుంచి కూడా ఈ పాదాన్ని కాపాడుకోవాలని, గోళీలు మానకూడదని ఫోన్ తెలుగులో పలికింది. ఇంత జరిగినా దానికి మర్యాద తప్పలేదు. గావ్ దుప్పటి కప్పి, ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

అప్పుడు పోచన్న చేతులు జోడించాడు.

"మీరు అడిగిన్రు సార్. నేనే లేదన్న. మీ తప్పేం లేదు."

గావ్‌కు ఒక్క మాటా తెలియలేదు. కృతజ్ఞత చెబుతున్నాడనుకున్నాడో ఏమో, అతని భుజం తట్టి వెళ్లిపోయాడు. తలుపు దగ్గర నిలబడి వింటున్న భూమేశ్‌కు హిందీ వచ్చు. బండిలో తారిఖ్ ఉన్నాడు. నాలుగు మాటలు చెబితే తారిఖ్ వాటిని గావ్‌కు చేర్చగలడు. భూమేశ్ మెట్ల దాకా నడిచాడు. బండి స్టార్టయింది. అతను చేయి ఎత్తలేదు, పిలవలేదు. బండి రోడ్డెక్కింది.

పుండు మానాక పోచన్నను చక్రాల కుర్చీలో ఇంటికి పంపారు. ఖర్చులు, టికెట్ గావ్‌ను తెచ్చిన కంపెనీ మీద పడ్డాయి. భూమేశ్ మళ్లీ కొండెక్కి, హోటల్ గోడలకు ప్లాస్టరింగ్ చేస్తున్నాడు. లిఫ్టులు బిగించడానికి వేరే మనిషి వచ్చాడు. రజిత అప్పుడప్పుడు ఫోన్ చేసి, బాపు కాలు మంచిగున్నది మామా, రోజూ చూస్తున్నా అని చెబుతుంది. అక్కకు ఫోన్ ఇయ్యమని భూమేశ్ ప్రతిసారీ అడుగుతాడు. అమ్మ పనిలో ఉన్నదంటుంది రజిత. ఫోన్లో వెనక నుంచి కమలవ్వ ఎవరితోనో మాట్లాడడం వినబడుతూనే ఉంటుంది.