జరగం!

ఆ బ్యాండంటే నాకు పదేళ్లుగా పిచ్చి. వాళ్ల పాటొకటుంది. దాని మధ్యలో గిటార్లు ఠక్కున ఆగిపోతాయి, గాయకుడు "వెనక్కి జరగండి!" అని అరుస్తాడు. మేం "జరగం!" అని ఒక్కడుగు ముందుకు దూకుతాం. అభిమానులంటే అదీ మరి!

ఈసారి వాళ్ల కచేరీకి మా అక్కను కూడా తీసుకెళ్లాను. నర్సు. ఆ పాటలేవీ తెలియవు. ముందు వరసల్లోకి నేనే లాక్కెళ్లాను.

నేను లిఫ్ట్ మెకానిక్‌ని. లిఫ్ట్‌లో ఒక్క మనిషి ఎక్కువైనా గంట మోగుతుంది. ఆ స్టేడియంలో వేలమంది వెనకనుంచి తోసుకొస్తున్నా ఏ గంటా మోగలేదు. నా చేతులు పక్కలకు అతుక్కుపోయాయి. ఊపిరి సగమే ఆడుతోంది.

మూడో పాటలోనే గిటార్లు ఆగాయి. గాయకుడు స్టేజి అంచుకు పరిగెత్తుకొచ్చాడు.

"వెనక్కి జరగండి!"

అప్పుడే ఆ పాటా అనుకుంటూనే "జరగం!" అని దూకాను. అందరం దూకాం. ముందున్న ఇనుప కంచె కిర్రుమంది.

అక్క నా చొక్కా పట్టుకుని అరిచింది. "పాట కాదురా! నిజంగానే జరగమంటున్నాడు. కంచె దగ్గర ఎవరో పడిపోయారు!"

అప్పుడు చూశాను. గాయకుడు ఏడుస్తున్నాడు. నా పైప్రాణాలు పైనే పోయాయి.

అతను చేతులు జోడించాడు. "మీ కాళ్లు పట్టుకుంటా, వెనక్కి జరగండి!"

వేల గొంతులు సంబరంగా లేచాయి. నా చొక్కా మీద అక్క పట్టు జారిపోయింది. "అక్కా" అని పిలవబోయి నోరు తెరిచాను. పదేళ్ల అలవాటు ఊరుకోలేదు.

"జరగం!" అన్నాను.