మూడో ఆదివారం అభ్యంతరం

మా బావ యేసుదానం కూతురి పెళ్లి చాలా సింపుల్‌గా చేద్దామనుకున్నాడు. సింపుల్ పెళ్లికి బడ్జెట్ వేయడానికి చర్చి సంఘ పెద్దలందరినీ ఇంటికి పిలిచినప్పుడే నాకు అనుమానం వచ్చింది.

బావ మణుగూరులో బొగ్గు గనిలో ఫిట్టరు. వచ్చే మార్చిలో రిటైరవుతాడు. రిటైరయితే కంపెనీ క్వార్టర్ ఖాళీ చేయాలి. అందుకని పినపాకలో సొంతింటికి గోడలు లేపి పెట్టుకున్నాడు. గోడలున్నాయి, పైన ఆకాశముంది. మా అక్క ఇన్నమ్మ చీటీలు కట్టి, కడుపు కట్టుకుని, స్లాబు కోసం లక్షా పదివేలు పోగు చేసింది. వానలు పడేలోగా స్లాబు పడాలని ఆమె పట్టు. ఇంతలో సత్తుపల్లి నుంచి బెన్నీ సంబంధం కుదిరింది. స్కూలు టీచరు, నెమ్మదస్తుడు. కట్నం వద్దన్నారు, పెళ్లి మీకు తోచినట్టు చేయండన్నారు. మా బావకు ఏం తోస్తుందో వాళ్లకేం తెలుసు?

పెద్దలు వచ్చి కూర్చున్నారు. ప్రార్థన అయింది, టీ అయింది. నేను బస్సు కండక్టర్ని కాబట్టి కాగితం, పెన్ను నా చేతికిచ్చారు. టికెట్లు కొట్టేవాడికి పెళ్లి లెక్కలు వస్తాయని వాళ్ల నమ్మకం. స్త్రీల సమాజం ప్రెసిడెంటు ఫ్లోరెన్స్ గారు మొదలుపెట్టారు. క్రైస్తవ వివాహంలో ఆడంబరం ఉండకూడదని గట్టిగా చెప్పి, ఆ ఊపిరితోనే విజయవాడ పూలు, మూడంతస్తుల కేకు, కారుకు రిబ్బన్లు, వీడియోకు రెండు లైట్లు రాయమన్నారు. ఆడంబరం వద్దని మిగిలినవాళ్లూ తలో మాట అన్నారు. అన్నవాళ్లంతా తలో ఖర్చూ రాయించారు. డెకరేషన్ చేసేది ఒకాయన తోడల్లుడు, మైకు ఇంకొకాయన అల్లుడు. సేవాభావం అంటే ఇదే కాబోలు.

అసలు గండం భోజనాలు. మా సంఘంలో శుభలేఖలు ఉత్త అలంకారం. గుళ్లో పెళ్లి ప్రకటన చదివితే చాలు, సంఘం మొత్తానికి పిలుపు అందినట్టే. పిలుపు అందితే మటన్ బిర్యాని పెట్టాల్సిందే. కొన్ని ఊళ్లలో కేకు, మిక్చరు, టీతో సరిపెడుతున్నారు కదా అని నేను నోరు జారాను. సమాధుల తోటలో కూడా అంత నిశ్శబ్దం ఉండదు.

"బామ్మర్దీ, ముప్పై ఏండ్లసంది ఈళ్లందరి పెండ్లిళ్లల్ల తిన్న. నా ఇంట్ల చాయ తాగి పొమ్మంటనా?" అన్నాడు బావ.

బిర్యాని రాశాను. కూడితే స్లాబు డబ్బంతా పోయి, ఇంకో తొమ్మిది వేలు అప్పు తేలింది. పెద్దలు దేవునికి స్తోత్రం చెప్పి లేచారు. అక్క వంటింటి గుమ్మంలో నిలబడి అంతా విన్నది, ఖాళీ టీ కప్పులు ఏరుకుని లోపలికి వెళ్లింది. ఆమె ముఖం చూస్తే ఆ కాగితం చింపి పొయ్యిలో వేయాలనిపించింది. పెళ్లికూతురు స్తుతి మాత్రం ఊరుకోలేదు. కొత్తగూడెంలో నర్సు ఉద్యోగం చేసే పిల్ల, తండ్రితో రెండు రోజులు వాదించింది. పెళ్లికూతురికి లెక్కలెందుకని బావ కొట్టిపారేశాడు.

ఇక ప్రకటనలు. వరసగా మూడు ఆదివారాలు పాస్టరు అయ్యగారు వధూవరుల పేర్లు చదివి, ఈ వివాహానికి ఎవరికైనా, ఎలాంటి అభ్యంతరమైనా ఉంటే చెప్పమంటారు. చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు. ఆ కాస్త వ్యవధిలో జనం దగ్గుతారు, పిల్లల ముక్కులు తుడుస్తారు. రెండు ఆదివారాలు అలాగే గడిచాయి. మూడో ఆదివారం స్తుతి నెత్తిన కొంగు సర్దుకుని లేచి నిలబడింది.

"నాకున్నది అయ్యగారూ," అంది.

దగ్గులు ఆగిపోయాయి. అయ్యగారు కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకున్నారు. పిల్లాడు నచ్చలేదా అని భయంభయంగా అడిగారు.

"బెన్నీ మంచోడే. అభ్యంతరం బిర్యాని మీద. రేపు మార్చిల డాడీ రిటైరయితడు, క్వార్టర్ ఖాళీ చెయ్యాలె. మా అమ్మ స్లాబు పైసలు మొత్తం నా పెండ్లి డేగిశల పోతున్నయ్. గా పెండ్లికి నేను ఒప్పుకోను."

ఇది అభ్యంతరం కిందికి రాదని ఫ్లోరెన్స్ గారు లేచారు. అయ్యగారు పుస్తకం తిరగేశారు. కొత్తగా వచ్చినాయన, రూల్సు మనిషి. 'ఎలాంటి అభ్యంతరమైనా' అని అచ్చులో ఉంది, బిర్యానికి మినహాయింపు ఎక్కడా లేదు. పిల్ల వెనక్కి తీసుకుంటే తప్ప పెళ్లి చేయలేనన్నారు. పెద్దలు గుసగుసలాడుకున్నారు. చివరికి కేకు, మిక్చరు, టీ ఖాయమయ్యాయి. పూలు కూడా ఊళ్లోవే చాలన్నారు. బావ తల వంచుకుని కూర్చున్నాడు. నాకు లోలోపల పండగే.

పెళ్లి బాగా జరిగింది. సంఘం టీ తాగిన తీరు చూస్తే కషాయం పోశారేమో అనుకునేవారు. బెన్నీ ఒక్కడే సంతోషంగా మూడు కప్పులు తాగాడు. బావ మాత్రం ఎవరి కళ్లలోకీ చూడలేదు. ఆ రోజంతా నీళ్లు కూడా ముట్టలేదని అక్క తర్వాత చెప్పింది.

జూన్ మొదట్లో స్లాబు వేస్తున్నామని కబురొచ్చింది. కొత్త దంపతులను వెంటబెట్టుకుని నేనూ పినపాక బయల్దేరాను. బస్సు దిగేసరికే వాసన తగిలింది. స్లాబు రోజు మేస్త్రీకి, కూలీలకు కోడి కోసి పెట్టడం మామూలే. ఇక్కడ ఇంటి ముందు షామియానా ఉంది. వరసగా బిర్యాని డేగిశాలున్నాయి. మణుగూరు సంఘం మొత్తం బెంచీల మీద కూర్చుని, ఎముకలు పీలుస్తూ, మా బావను మెచ్చుకుంటోంది. అయ్యగారి ప్లేటులో రెండు నల్లి ఎముకలున్నాయి. ఫ్లోరెన్స్ గారు స్తుతిని దగ్గరికి పిలిచి, తండ్రంటే ఇట్లుండాలె అన్నారు.

స్తుతి తలెత్తి ఇంటి వైపు చూసింది. స్లాబు ముందు గది వరకే పడుతోంది. వెనక గదికీ, వంటింటికీ నీలం రంగు తార్పాలిన్ కట్టి ఉంది. అక్క దాని కింద కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది. కూతుర్ని చూసి నవ్వబోయింది, నవ్వు రాలేదు.

స్తుతి ముఖం ఎర్రబడింది. తండ్రి దగ్గరికి వెళ్లి, ఏంది డాడీ ఇది, అని మాత్రం అడగగలిగింది.

బావ చేతిలోని గరిటె కింద పెట్టలేదు. పెళ్లినాటి నుంచి మొదటిసారి ఆయన మనుషుల కళ్లలోకి చూస్తున్నాడు.

"అందరి ఇండ్లల్ల తిని, నా ఇంట్ల పెట్టకుండ, గా స్లాబు కింద పండితె నాకు నిద్ర పడుతదా బిడ్డా?"

  స్తుతి చెప్పులు విప్పి తార్పాలిన్ కిందికి వెళ్లి, తల్లి చేతిలో కత్తి తీసుకుని ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టింది. తల్లీకూతుళ్లు ఇద్దరికీ కళ్లు కారుతున్నాయి. అప్పుడే చినుకులు మొదలయ్యాయి, సంఘమంతా ప్లేట్లు పట్టుకుని షామియానా నడిమికి జరిగింది.