అటెండరు జేబులో నవ్వు

మూడో దినపత్రికను చెక్కపట్టీకి బిగిస్తుండగా గ్రంథాలయం అటెండరు జేబులో ఫోను పకపకా నవ్వింది. ఆడగొంతు. చదువుకుంటున్నవాళ్ల తలలన్నీ లేచాయి. తీసి చూస్తే తెర నిండా ఒంటిమీద బట్టలు సరిగా లేని ఆడమనిషి బొమ్మ. మూసేద్దామని మూలనున్న గుర్తు నొక్కితే ఇంకో బొమ్మ వచ్చింది.

“ఇక్కడ నిశ్శబ్దం పాటించాలండీ!” అన్నాడు రోజూ వచ్చే పాఠకుడొకడు. గదంతా గొల్లున నవ్వింది.

అటెండరుకు తల కొట్టేసినట్టయింది. ఫోను ఆపేసి జేబులో కుక్కుకున్నాడు.

ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ గోడల మీది నోటీసులన్నీ ఆయన గుండ్రటి చేతిరాతే. పేజీలు మడవరాదు. ఉమ్మి తడితో పుటలు తిప్పరాదు. ఊళ్లో ఎక్కడ నోటీసు కనబడ్డా నిలబడి చివరిదాకా చదివేవాడు, చెప్పినట్టు చేసేవాడు. మొన్న ఆసుపత్రికి ఏ బస్సు వెళుతుందో ఫోనులో వెతుకుతుంటే ఎర్రక్షరాలు ప్రత్యక్షమయ్యాయి: మీ ఫోనులో పదమూడు వైరస్‌లున్నాయి, వెంటనే శుభ్రం చేయండి. అందులో రెండు అక్షరదోషాలు కూడా పట్టుకున్నాడు మహానుభావుడు. పట్టుకుని, బుద్ధిగా నొక్కాడు. అప్పట్నుంచి ఈ నవ్వు.

ఆసుపత్రిలో ఉన్నది అక్క. గుండెజబ్బు. “మామయ్యా, ఫోను దగ్గరే పెట్టుకో. ఏ క్షణాన రమ్మంటానో తెలీదు,” అని నిన్న సాయంత్రమే మేనల్లుడు చెప్పాడు. అది గుర్తొచ్చినప్పుడల్లా ఆయన చెయ్యి జేబు దాకా వెళ్లి ఆగిపోయింది.

మధ్యాహ్నం ఫోన్లు బాగుచేసే కొట్టుకు పరిగెత్తాడు. అక్కడ ఇద్దరు కాలేజీ ఆడపిల్లలు నిలబడి ఉన్నారు.

“ఏమైందండీ?” అడిగాడు కొట్టతను.

“చార్జింగు... సరిగా ఎక్కట్లేదు.”

కొట్టతను చార్జింగు కన్నంలో దుమ్ము శుభ్రంగా గీకి ఇచ్చేశాడు. ఆయన దాన్నే మహాప్రసాదంలా పుచ్చుకుని వచ్చేశాడు.

పుస్తకాలిచ్చే గుమస్తా అమ్మాయి మాత్రం ఊరుకోలేదు. “ఇటివ్వండి బాబాయ్, నేను చూస్తాను. ఇలాంటివి అందరికీ వస్తాయి.”

“ఏం లేదమ్మా, ఏం లేదు.” కూతురి వయసు పిల్ల. ఆ బొమ్మలు ఆమె చూస్తే రేపట్నుంచి ముఖం ఎలా చూపించాలి?

కిటికీలు మూసే వేళకు మేనల్లుడు గుమ్మంలోకి వచ్చాడు. చొక్కా నలిగిపోయి ఉంది.

“పొద్దుట్నుంచి చేస్తున్నాను మామయ్యా. అమ్మ కూడా చేసింది.” గుమ్మం పట్టుకుని, “రెండింటికి పోయింది. ఆఖరిదాకా నిన్నే అడిగింది,” అన్నాడు.

ఆయన నాలుక చివరిదాకా చార్జింగు అన్న మాటే వచ్చింది. సిగ్గుతో దాన్ని మింగేసి, ఫోను వెలిగించి మేనల్లుడి చేతిలో పెట్టాడు. అది పకపకా నవ్వింది.

మేనల్లుడు తెర వంక, ఆయన వంక చూశాడు. “దీనికా మామయ్యా?”

అని, అక్కడే నిలబడి ఆ దిక్కుమాలిన యాప్‌ను వెతికి తీసేశాడు. నిమిషం కూడా పట్టలేదు.

ఆసుపత్రికి వెళ్లేసరికి మంచం మీది దుప్పటి తీసేశారు. దిండు పక్కన అక్క బటన్ ఫోను మిగిలిపోయి ఉంది. పచ్చమీట తగిలి, చేసిన కాల్స్ జాబితా వెలిగింది; తొమ్మిది వరసల్లోనూ ఒకటే పేరు: తమ్ముడు.